ముఖం పడలేదమ్మా!

తెల్లవారుజామున అయిదున్నర కావస్తుంటే మా గేటు ముందు రోజూ పాతికమంది దాకా స్త్రీలు చేరతారు. ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద వాళ్ళ మస్టర్ పాయింట్. నేనీ ఇంట్లోకొచ్చి ఇరవై రెండేళ్ళయింది. అప్పట్నించీ అదే చెట్టు, అదే చోటు. మొదట్లో మేస్త్రి పెద్ద పుస్తకమొకటి చంకలో పెట్టుకొచ్చి పేర్లు పిల్చేవాడు. ఒక్కొక్కళ్ళూ "ఉన్నానండీ" అని పలికేవాళ్ళు. ఆ పలుకులే నాకు అలారం. ఆ తర్వాత వేలిముద్రల మిషనొచ్చింది. ఇప్పుడు మేస్త్రి చేతిలో సెల్‌ఫోను. ఒక్కొక్కళ్ళూ దానిముందు నిలబడి ముఖం చూపించాలి. ఎవరూ పేరు పిలవరు, ఎవరూ పలకరు. నా అలారం పోయింది.

కిందటి శీతాకాలంలో ఒకరోజు గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. మా వీధి ఊడ్చే ఆమె.

"మీ గేటు లైటు ఏస్తారా అమ్మా? చీకటికి ముఖం పడట్లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమర్చి చెప్పింది. ఫోను ఆమె ముఖాన్ని గుర్తుపట్టాలి. గుర్తుపడితే ముఖం 'పడినట్టు'. లేకపోతే ఆ పూట ఆమె రానట్టే! చెట్టు కింద వీధిలైటు పోయి వారమైంది. ఆమె ముఖం నల్లగా ఉందని మేస్త్రి నవ్వాడట. చలికి తలకి చుట్టుకున్న తువ్వాలు తీసెయ్యమన్నాడట. లైటు వేశాను. ఆమె నా గేటు దీపం కింద, ఫొటో తీయించుకునే కొత్త పెళ్ళికూతురిలా బిర్రబిగుసుకుని నిలబడింది. మూడోసారికి పడింది. వెనకున్న వాళ్ళంతా వరసగా వచ్చి అదే దీపం కింద నిలబడ్డారు. చీపురు పట్టి ముప్ఫయ్యేళ్ళయిన మనిషి తాను తానేనని నిరూపించుకోడానికి నా ఇంటి కరెంటు కావాల్సొచ్చింది.

ఆమె పేరు రాద్దామనుకున్నాను. "పేరు రాయకమ్మా, ఊరి పేరూ వద్దు. మళ్ళీ నన్నే అడుగుతారు" అంది. కాబట్టి రెండూ రాయడం లేదు.

నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. ఆ దీపం వెలుగులో నాకు గుర్తొచ్చింది 1895 నాటి షికాగో. అక్కడా తెల్లవారుజామే. అక్కడా ఒక స్త్రీ చెత్తబండి కోసం నిద్రలేచింది. కాకపోతే ఆమె నిఘా కింద నిలబడ్డ మనిషి కాదు, నిఘా పెట్టిన మనిషి. పేరు జేన్ ఆడమ్స్. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని మన పాఠాల్లో ఒక వాక్యం ఉంటుంది. అంతకు ముప్ఫయ్యారేళ్ళ ముందు ఆమె చేసిన ఉద్యోగం గురించి మాత్రం ఉండదు. షికాగో పంతొమ్మిదో వార్డుకి ఆమె చెత్త ఇన్‌స్పెక్టరు!

ఆ వార్డు వలసవాళ్ళది. ఇటలీ, గ్రీసు, ఐర్లండ్, రష్యాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు ఇరుకు ఇళ్ళల్లో కిక్కిరిసి ఉండేవాళ్ళు. ఆడమ్స్ తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో అక్కడ హల్ హౌస్ అనే కేంద్రాన్ని పెట్టింది. వీధుల్లో రోడ్డుకి బిగించిన పెద్ద పెద్ద చెక్క పెట్టెలుండేవి. చెత్త వాటిల్లోనే వెయ్యాలి. పొర్లిపోయేవి. పిల్లలు వాటిమీదెక్కి ఆడుకునేవాళ్ళు. తోపుడుబళ్ళ వాళ్ళు పారేసిన కుళ్ళిన పళ్ళు, డంపు నుంచి ఇళ్ళకి తెచ్చుకుని ఉతికి వేరుచేసే గుడ్డపేలికల్లో మిగిలిన మురికి, అన్నీ వాటిలోకే. నగరం ఒక కంట్రాక్టరుకి డబ్బిస్తోంది. బండ్లు మాత్రం సరిగ్గా రావు.

హల్ హౌస్ మహిళాసంఘం వాళ్ళు ముందు చేసింది లెక్క. ఒక వేసవిలో పన్నెండుమంది స్త్రీలు సందులు పంచుకుని సాయంత్రాలు తిరిగి, ఎక్కడెక్కడ చట్టం అమలు కావడం లేదో రాసుకున్నారు. రెండు నెలల్లో ఆరోగ్యశాఖకి పంపిన రుజువైన ఫిర్యాదులు 1,037. నాకీ సంఖ్య ఎంతో ఇష్టం. ఎందుకంటే ఇది ఏ యంత్రమూ ఇచ్చింది కాదు. పగలంతా ఇంటిపనీ బయటి పనీ చేసుకున్న ఆడవాళ్ళు, మాపటేళ కాళ్ళీడ్చుకుంటూ ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని పోగుచేసిన సంఖ్య. (కొంగు నా కల్పనేలెండి. వాళ్ళకి కొంగులెక్కడివి!)

ఫిర్యాదులతో పని జరగలేదు. 1895 వసంతంలో ఆడమ్స్ ఏకంగా ఆ వార్డు చెత్త కంట్రాక్టుకే టెండరు వేసింది. ఏదో సాంకేతిక కారణం చూపించి దాన్ని తోసేశారు. కానీ ఆ గొడవ పత్రికలకెక్కడంతో మేయరు ఆమెని ఇన్‌స్పెక్టరుగా నియమించాడు. జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు. ఓటుహక్కు లేని స్త్రీకి వార్డు మీద అధికారం! ఇల్లినాయ్ స్త్రీలకు మునిసిపల్ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1913లో.

అప్పట్నించీ ఆమె, సహాయకురాలు అమాండా జాన్సన్ ఉదయం ఆరుకల్లా లేచి బండ్లు బయల్దేరాయో లేదో చూసేవాళ్ళు. వాటి వెంబడే డంపు దాకా వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు మనం జీపీఎస్ అంటున్నామే, అది వాళ్ళ కాళ్ళల్లో ఉంది. కంట్రాక్టరు చేత తొమ్మిది బండ్లని పదమూడు చేయించారు, పదమూడుని పదిహేడు చేయించారు. చచ్చిన జంతువుల్ని కూడా తీయించారు. ఒక ఇరుకు వీధిలో చెత్త తవ్వించుకుంటూ పోతే పద్ధెనిమిది అంగుళాల కింద రాళ్ళు పరిచిన రోడ్డు బయటపడింది. అక్కడ రోడ్డుందని ఆ వీధివాళ్ళకే తెలీదట! మరణాల రేటులో నగరంలోని వార్డులన్నిటిలో మూడోస్థానంలో ఉన్న ఆ వార్డు ఏడోస్థానానికి దిగింది.

ఇరుగుపొరుగు వలస స్త్రీలు మొదట విస్తుపోయారు. చదువుకున్న ఆడది చెత్తబండి వెనక తిరగడమేంటని. జబ్బుపడ్డవాళ్ళకి సేవచెయ్యడం ఆడవాళ్ళ పనైతే, ఆ జబ్బు రాకుండా చూడటం ఎందుకు కాదని ఆడమ్స్ వాళ్ళతో వాదించింది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు మురిసిపోయేవాళ్ళు. నేనూ మురిసేదాన్ని. ఇప్పుడు మళ్ళీ ఆలోచిస్తే ఆ వాదనలో చిక్కు కనిపిస్తోంది. 'నగరం కూడా ఇల్లే, ఊడ్చుకోవాల్సింది మనమే' అన్న తర్కం అది. ఇంట్లో ఊడ్చే స్త్రీ ఎవరు, ఊడ్పించే స్త్రీ ఎవరు అన్న ప్రశ్న అందులో లేదు. పేలికలు ఉతికే ఇటాలియన్ స్త్రీ ఆడమ్స్ రాతల్లో మురికికి ఒక కారణంగానే కన్పిస్తుంది. నగరం చెత్తని తగ్గిస్తున్న కార్మికురాలిగా కన్పించదు. అయినా ఒక విషయంలో నేను ఆమె పక్షమే. ఆమె చూపు బండి మీద, కంట్రాక్టరు మీద ఉంది. డబ్బు తీసుకున్నవాడు పని చేస్తున్నాడా లేదా అని ఆమె లెక్కపెట్టింది. బండి తోలేవాడి కళ్ళు లెక్కపెట్టలేదు.

చూపు ఎటువైపు అన్నదే నా పట్టింపు. అందుకే ఇంకాస్త వెనక్కి, 1884కి వెళ్తాను. ఆ సంవత్సరం పారిస్‌లో యూజీన్ పూబెల్ అనే అధికారి ప్రతి ఇంటిముందూ మూతగల చెత్తడబ్బా ఉండాలని శాసించాడు. పేపర్లూ గుడ్డలకొకటి, గాజు పెంకులూ ఆల్చిప్పలకొకటి, మిగతా చెత్తకొకటి. తడి చెత్త పొడి చెత్త మన కాలపు తెలివని మురిసిపోయేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి! ఫ్రెంచివాళ్ళు చెత్తడబ్బాని ఇప్పటికీ పూబెల్ అనే పిలుస్తారు. అంత కీర్తి. కానీ రాత్రుళ్ళు వీధికుప్పల్లో పేలికలు, ఎముకలు ఏరుకుని బతికే వేలాదిమంది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, ఈ డబ్బా తమ కూడు పడగొడుతుందని గోలపెట్టారు. డబ్బాకి మూత పడితే ఎవరి నోటికి మూత పడుతుందన్నది ఆనాటి ప్రశ్న. ఈనాటిదీ అదే.

అదే 1884లో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. మన కోస్తా, రాయలసీమ పట్టణాల మునిసిపాలిటీలు ఆ చట్టం కింద నడిచినవే. బ్రిటిషువాళ్ళు లండన్ నుంచి పారిశుధ్యమనే భావన తెచ్చారు. యంత్రం మాత్రం తేలేదు. తేవాల్సిన అవసరం వాళ్ళకి కన్పించలేదు. ఇక్కడ అంతకంటే చౌకైన ఏర్పాటు వాళ్ళకి సిద్ధంగా దొరికింది. అది కులం. ఉత్తరాంధ్ర నుంచి గోదావరి, కృష్ణా తీరాల దాకా ఎన్నో పట్టణాల్లో రెల్లి కుటుంబాలు, మరికొన్ని చోట్ల మాదిగ కుటుంబాలు తరాల తరబడి చీపురుకి అంటుకుపోయాయి. పళ్ళమ్ముకునేవాళ్ళు, గడ్డికోసి అమ్ముకునేవాళ్ళు మునిసిపాలిటీ పుస్తకంలోకెక్కి పాకీపనివాళ్ళయ్యారు. ఆ పుస్తకమే మస్టర్. సైన్యం నుంచి వచ్చిన మాట. సిపాయిలని లెక్కపెట్టే పద్ధతిలో ఊడ్చేవాళ్ళని లెక్కపెట్టారు.

ఆమె అత్తగారి ఉద్యోగం ఆమెకొచ్చింది. అత్తగారిది పర్మనెంటు. ఆమెది కాదు. అత్తగారు పోయేనాటికి కొత్త పర్మనెంటు పోస్టులు ఆగిపోయాయి, కంట్రాక్టర్లు వచ్చారు. తొంభైల నుంచి మన పట్టణాలన్నిట్లోనూ జరిగింది ఇదే. హైద్రాబాద్‌లో రోడ్లు ఊడ్చే పని ముక్కలు ముక్కలుగా కంట్రాక్టులకిచ్చారు. రాత్రి ఊడ్పు వచ్చింది. చీకట్లో నడిరోడ్డు మీద వంగిన స్త్రీని వేగంగా వచ్చిన బండి గుద్దేసిందన్న వార్త మనం ఎన్నిసార్లు చదివి పేజీ తిప్పేశామో! అత్తాకోడళ్ళిద్దరూ ఊడ్చిన వీధి ఒకటే. చీపురు ఒకటే. ఒకరికి పెన్షనుంది, ఒకరికి లేదు. ఏ యంత్రమూ తేనంత పెద్ద మార్పు ఈ ఒక్క కాగితం తెచ్చింది.

అదే కాలంలో ఇంకో చరిత్ర కూడా నడిచింది. చెత్త గురించి సుప్రీంకోర్టు మెట్లెక్కిన మొదటివాళ్ళలో ఒక స్త్రీ ఉంది. ఇంజనీరు అల్మిత్రా పటేల్ 1996లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగానే 2000లో దేశమంతటికీ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకోవాలి, వీధికుండీ పోవాలి, కుప్పతగలెట్టకూడదు. ఆ నిబంధనల్ని ముందుగా పట్టించుకున్న ఊళ్ళలో మన సూర్యాపేట ఒకటి. 2003 ప్రాంతంలో కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో లక్షమంది ఉన్న ఆ ఊరు కుండీలు లేని ఊరయింది. ఇంటింటికీ రెండు బుట్టలు, వేళకి వచ్చే ట్రాక్టరు, వానపాముల ఎరువు. సెన్సర్లు లేవు, శాటిలైట్లు లేవు. బండి వేళకి రావడమే అక్కడి తెలివైన టెక్నాలజీ. వేళకొస్తుందని తెలిస్తే ఇల్లాలు బుట్టతో గుమ్మంలో నిలబడుతుంది. (ఇల్లాలే! ఆ బుట్టతో మగవాడు నిలబడ్డ ఇళ్ళు నేను చాలా తక్కువ చూశాను.)

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక చెత్తకి అకస్మాత్తుగా గ్లామర్ వచ్చింది. ఊళ్ళకి ర్యాంకులొచ్చాయి. 2015 జులైలో హైద్రాబాద్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. అప్పటిదాకా వాళ్ళ జీతం నెలకి 8,500. సమ్మె తర్వాత 12,500 అయింది. ఆ నవంబరులోనే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలొచ్చాయి. ప్రభుత్వం 'సఫాయన్నా, నీకు సలామన్నా' అంది. సలాం బాగానే ఉంది గానీ, రోడ్డు మీద చీపురు పట్టుకుని కనిపించేది ఎక్కువగా అక్కలు కదా! అన్నలు ఎక్కడున్నారంటే ఆటో డ్రైవరు సీట్లో. ఇది యాదృచ్ఛికం కాదు. ఏ పనిలోకైనా యంత్రం వచ్చినప్పుడు యంత్రం మగవాడి చేతికి, మిగిలిన పని ఆడదాని చేతికి వెళ్తాయి. వరినాట్ల దగ్గర, నూర్పిళ్ళ దగ్గర చూశాం. చెత్త దగ్గరా అంతే. స్టీరింగ్ భర్తది, వెనక నిలబడి తడీ పొడీ చేత్తో వేరుచేసే పని భార్యది.

ఇక 2017లో హైద్రాబాద్‌లో వేలిముద్రల హాజరు వచ్చింది. మస్టర్ పుస్తకంలో లేని పేర్లు రాసి జీతాలు మింగుతున్నారన్నది కారణం. అబద్ధం కాదు, మింగేవాళ్ళు మింగారు. కానీ ముప్ఫయ్యేళ్ళు చీపురు, పార, బ్లీచింగ్ పౌడరు పట్టుకున్న చేతికి గీతలెక్కడుంటాయి? మా ఊళ్ళో ఆ మిషనొచ్చినప్పుడు ఆమె వేళ్ళకి కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్ళీ పెట్టి... అదో పెద్ద తంతు. మరోవైపు హైద్రాబాద్‌లో ఏమైంది? తర్వాతి సంవత్సరాల్లో జిగురుతో తయారుచేసిన నకిలీ వేలిముద్రలతో రానివాళ్ళ హాజరు వేస్తున్న పర్యవేక్షకుల్ని పోలీసులు పట్టుకున్నారు. దొంగతనం మస్టర్ పుస్తకం పట్టుకున్న చేతిలో ఉంటే, మిషను చీపురు పట్టుకున్న చేతిని అనుమానించింది. 2024లో ముఖాన్ని గుర్తించే హాజరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ఇలాంటి యాప్‌నే టీచర్ల కోసం తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఎంత గట్టిగా ఎదురు తిరిగాయో మనలో చాలామందికి గుర్తుంది. మా ఫోన్లలో ఎందుకు వేసుకోవాలి, మా ముఖాలు ఎవరి దగ్గరుంటాయి అని అడిగాం. సరైన ప్రశ్నలే. చెట్టు కింద నిలబడ్డవాళ్ళ తరఫున ఆ ప్రశ్న మనమెవరం అడగలేదు.

నాగపూర్, చండీగఢ్, పంచకుల ఇంకో అడుగు ముందుకెళ్ళాయి. పారిశుధ్య కార్మికుల మణికట్టుకి జీపీఎస్ గడియారాలు కట్టాయి. ఎవరెక్కడున్నారో కంట్రోల్ రూములో తెరమీద చుక్కల్లా కదుల్తారు. కేటాయించిన వీధి దాటితే, ఎక్కువసేపు కదలకపోతే జీతానికి కోత. చండీగఢ్‌లో 2020లో కార్మికులు వీటికి వ్యతిరేకంగా ఆందోళన చేశారు. ఆ గడియారాలకి కెమెరా, మైకు కూడా ఉన్నాయి. మరుగుదొడ్డిలోకి వెళ్ళాలంటే భయమేస్తోందని అక్కడి స్త్రీలు పత్రికలతో చెప్పుకున్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వీధుల్లో పనిచేసే స్త్రీకి మొదటి సమస్య మరుగుదొడ్డి లేకపోవడం. అది ఉన్న ఇంటిదాకా, పెట్రోలుబంకు దాకా, వెనక సందుదాకా ఆమె నడిచి వెళ్ళాలి. తెరమీద ఆ నడక పనిదొంగతనంలా కన్పిస్తుంది. నెలసరి రోజుల్లో ఆ చుక్క ఎక్కువసార్లు కదుల్తుంది. కంట్రోల్ రూములో కూర్చున్నతను దాన్ని ఏమని చదువుతాడు?

టెక్నాలజీ అంటేనే గిట్టని ముసలమ్మని కాను నేను. బండికి జీపీఎస్ పెట్టండి, మంచిదే. డంపింగ్ యార్డు దగ్గర బరువు తూచే కాటాని కంప్యూటరుకి కలిపితే, రాని ట్రిప్పులకి బిల్లులు రాయడం కష్టమవుతుంది. ఇంటి గోడకి క్యూఆర్ కోడ్ అంటిస్తే ఏ వీధి మిగిలిపోయిందో ఆ సాయంత్రానికే తెలుస్తుంది. 2021 అక్టోబరులో మొదలైన క్లాప్ పథకంలో మా గోడకీ ఒకటి అంటించారు. చెత్తపన్ను 2024లో రద్దయింది. స్టిక్కరు ఇంకా ఉంది, ఎండకి తెల్లబోయి. జేన్ ఆడమ్స్ ఉండుంటే ఈ పరికరాల్ని ఎగిరి గంతేసి తీసుకునేది. మనదగ్గర పరికరం కిందికే ఎందుకు చూస్తోంది? కంట్రాక్టరు పి.ఎఫ్. కట్టాడో లేదో ప్రతినెలా మోగి చెప్పే యాప్ ఎందుకు లేదు? గ్లౌజులు ఎన్ని నెలలుగా రాలేదో చూపించే తెర ఎందుకు లేదు? అది కష్టమైన సాఫ్ట్‌వేరు కాదు. మా మనవరాలు సెలవుల్లో రాసిచ్చేస్తుంది.

ఇంతా రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు. కొన్నేళ్ళ కిందట మా సందు మొగలో చెత్త పేరుకుపోతే ఫోనులో ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. ర్యాంకుల పోటీ జోరుగా నడుస్తున్న రోజులు. మూడు గంటల్లో చెత్త మాయం! 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ కూడా వచ్చింది. ఎంత సంతోషపడ్డానో. నలుగురికీ చూపించాను, పౌరచైతన్యం అన్నాను. మర్నాడు ఆమె నన్నేమీ అనలేదు. వారం తర్వాత, మాటల్లో మాటగా చెప్పింది. ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే వెనక్కి పిలిపించారట. ఒంటిగంట ఎండలో ఒక్కతే ఎత్తిపోసిందట. పైగా 'నీ ఏరియాలో కంప్లయింటు' అని ఒక పూట జీతం కోశారట. అసలా చెత్త ఆమె ఊడ్చనిది కాదు. ట్రాక్టరు మూడురోజులుగా రాకపోతే ఊడ్చిందంతా అక్కడే కుప్పేసింది. నా ఫొటోలో రాని ట్రాక్టరు పడలేదు, ఉన్న చెత్తే పడింది. నా ఫోను తీరా ఎవరి మీద పేలిందో నాకు వారం దాకా తెలీలేదు.

చదువుకున్న ఆడవాళ్ళం, ఈ స్త్రీల పక్కన ఎలా నిలబడాలో తెలియని వాళ్ళం కాదు. పుణెలో ఆ పని చేసి చూపించారు. ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్య విభాగంలో పనిచేస్తున్న లక్ష్మీనారాయణ్, పూర్ణిమా చికర్మానే మొదట చెత్త ఏరుకునే స్త్రీలకి చదువు చెబుదామని వెళ్ళారు. (లక్ష్మీనారాయణ్ స్త్రీయే. మనవైపు పేరు విని మగవాడనుకుంటాం.) ఆ స్త్రీలకి కావల్సింది అక్షరాలకంటే ముందు చెత్త మీద హక్కని వాళ్ళకి అర్థమైంది. 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ పుట్టింది. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల సంఘం. ఎంత చెత్త ఏరుతున్నాం, దాన్ని మోసుకెళ్ళే ఖర్చు నగరానికి ఎంత మిగులుస్తున్నాం అని తూచి లెక్కవేసి మునిసిపాలిటీ ముందు పెట్టారు. కార్పొరేషన్ గుర్తింపు కార్డులిచ్చింది, ఆరోగ్య బీమా ఇచ్చింది. 2008లో ఆ సభ్యులే 'స్వచ్' అనే సహకార సంఘంగా ఇంటింటి సేకరణ ఒప్పందం చేసుకున్నారు. అక్కడా కార్డు ఉంది, అక్కడా లెక్క ఉంది. ఆ కార్డు కార్మికురాలి మెడలో ఉండి ఎదుటివాణ్ణి ఆపుతుంది. "నేను దొంగను కాను, ఇది నా పని" అంటుంది.

వాళ్ళు చేసిన ఒక పని మన పత్రికల్లో రావాల్సినంత రాలేదు. 2013 మహిళా దినోత్సవం రోజుల్లో స్వచ్ స్త్రీలు, చేత్తో వేరుచేయాల్సి వస్తున్న వాడేసిన శానిటరీ నాప్కిన్లని మూటలు కట్టి, వాటిని తయారుచేసే కంపెనీలకే తిప్పిపంపారు. పారేయడానికి కవరు ఇవ్వాల్సింది మీరు కాదా అని. 2016 నిబంధనల్లో తయారీదార్లు కవర్లు ఇవ్వాలన్న షరతు చేరింది. బహిష్టు గురించి మనం ఎన్ని కవితలు రాశాం, ఎన్ని సభల్లో గొంతెత్తాం! అంటు, ముట్టు, మైల అన్న మాటల్ని చీల్చిచెండాడాం. ఆ నాప్కిన్ మా డస్ట్‌బిన్‌లోంచి ఎవరి చేతిలోకి వెళ్తుందో మాత్రం నా రాతల్లో ఎక్కడా లేదు. ఆమెని అడిగాను. "ఏం చేస్తామమ్మా, చేత్తోనే తీస్తాం. పేపర్లో చుట్టి పైన ఎర్రగీత గీస్తే ముందే తెలుస్తుంది" అంది. ఆ రోజునుంచి చుట్టి గీత గీస్తున్నాను. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి రాస్తే, మగవాళ్ళున్న గ్రూపులో ఇవేం మాటలని సెక్రటరీగారు తీసేశారు.

2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా పారిశుధ్య కార్మికుల సమ్మె మొదలైంది. సంక్రాంతి దగ్గరపడే దాకా సాగింది. వేపచెట్టు కింద ఎవరూ లేరు. వీధి మొగ కంపు కొట్టింది. ఆ రోజుల్లో ఆమె ముఖం ఏ ఫోనులోనూ పడలేదు గానీ, ఊరందరికీ పడింది. నెలకి 21 వేలు అన్న ఒప్పందంతో పనిలోకొచ్చారు.

ఇప్పుడు నేనూ అయిదున్నరకే లేస్తున్నాను. గేటు లైటు వేస్తాను. పాత డైరీ ఒకటి తీసి రాసుకుంటున్నాను. ట్రాక్టరు వచ్చిన తేదీ, వేళ. రాని తేదీ. ఎంతమంది చేతులకి గ్లౌజులున్నాయి. వీధిలైటు వెలిగిందా. రెండు నెలలైంది. మొదటిరోజు నా చేతిలో పుస్తకం చూసి ఆమె ఆగిపోయింది.

"ఏం రాత్తన్నారమ్మా? మా మీదేనా?"

ఆ భయం నేను సంపాదించుకున్నదే. పేజీ చూపించి చదివి విన్పించాను. చీపురు గేటుకి ఆనించి మొత్తం విన్నది. ట్రాక్టరు మంగళవారం వచ్చిందని రాస్తే, రాలేదు, వచ్చింది పక్క వార్డు బండి అని దిద్దింది. కొట్టేసి రాశాను.

"సబ్బులు కూడా రాయండి" అంది. "నెలకి ఇయ్యాల. నూనె, చెప్పులు కూడా. చెప్పులు పోయిన ఉగాదికి ఇచ్చారు, ఆళ్ళిచ్చే సైజు నాకు పట్టదు. మా ఆడోళ్ళందరికీ మగోళ్ళ చెప్పులే ఇస్తారు."

"సబ్బులిచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆమె వెనక్కి తిరిగి చెట్టుకింద వాళ్ళని కేకేసింది. నలుగురు నాలుగు నెలలు చెప్పారు. కాసేపు వాళ్ళల్లో వాళ్ళు వాదించుకున్నారు. చివరికి ఆమే తేల్చింది.

"ఎనిమిది నెలలు. రాసుకోండి."